మిరాయ్ కారుకి నాలుగు స్టార్లు, అందులో నింపే హైడ్రోజన్‌కి ఒకటి

కారు సంగతి ముందే చెప్పేసి పక్కన పెడతాను, ఎందుకంటే దాని మీద నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు. టయోటా మిరాయ్, రెండో తరం, 2021 మోడల్, ఎక్స్‌ఎల్‌ఈ. మేం ఉండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, కొత్తదే కొన్నాం. ఇంట్లో ఇంకో పెట్రోలు కారు కూడా ఉంది, ఈ రెండో కారు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దానితో పని పడుతుంది. లెక్సస్ ఎల్‌ఎస్‌కి వాడిన ప్లాట్‌ఫామ్ మీదే దీన్నీ కట్టారు కాబట్టి లోపల కూర్చుంటే ఖరీదైన కారులో ఉన్నట్టే ఉంటుంది, 880 ఫ్రీవే గతుకులు కూడా నడుముకి తెలియవు, చప్పుడు లేదు, గేర్లు మారే కుదుపు లేదు. 182 హార్స్‌పవర్, 60 మైళ్ళ వేగం అందుకోడానికి 9 సెకన్లు పడుతుంది, సిగ్నల్ దగ్గర టెస్లా వాళ్ళతో పందేలు వేద్దామనుకుంటే మాత్రం ఇది మీ బండి కాదు. డిక్కీ చిన్నది, ఇండియా వెళ్ళే పెద్ద పెట్టెలు రెండు పెట్టేసరికి నిండిపోతుంది. ఐదో సీటు లెక్కకు ఉంది కానీ మధ్యలో కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గర ఎత్తుగా గట్టు ఉంటుంది, దాని కిందే హైడ్రోజన్ ట్యాంకు. అంతే, కారు రివ్యూ అయిపోయింది. నాలుగు స్టార్లు.

ఇప్పుడు ఇంధనం.

షోరూమ్‌లో చెప్పేవి మూడు మాటలు. ఫుల్ ట్యాంకుతో 402 మైళ్ళు, నింపడానికి 5 నిమిషాలు, పొగకు బదులు నీళ్ళు. మూడూ నిజమే, ఎవరూ అబద్ధం చెప్పలేదు. 402 అనేది ప్రభుత్వ పరీక్షలో వచ్చిన అంకె, ఫ్రీవే మీద 75లో పోయే మాలాంటి వాళ్ళకి 340, 350 దాకా వస్తుంది, ఆ తేడా ఏ కారుకైనా ఉండేదే. నీళ్ళ సంగతి సరదాగా ఉంటుంది. లోపల హెచ్‌టూఓ అని ఒక బటన్, నొక్కితే కింద నుంచి నీళ్ళు జారిపోతాయి, గరాజ్‌లో పెట్టే ముందే వదిలేసుకోవచ్చు. వీడియో కాల్‌లో ఇది చూసిన మా పెదనాన్న "మావాడు నీళ్ళతో నడిచే కారు కొన్నాడు" అని వీధి వీధంతా చెప్పేశాడు. నీళ్ళతో నడవదు పెదనాన్నా, నడిచాక నీళ్ళొస్తాయి అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. ట్యాంకులోని హైడ్రోజనూ, బయటి గాలిలోని ఆక్సిజనూ ఫ్యూయల్ సెల్‌లో కలుస్తాయి, పలచటి సెల్స్ 330 వరసగా పేర్చి ఉంటాయి, అక్కడ మంట లేకుండానే కరెంటు పుట్టి మోటారు తిరుగుతుంది. అంటే ఇదీ ఎలక్ట్రిక్ కారే, కాకపోతే కరెంటుని మోసుకెళ్ళకుండా దారిలోనే తయారు చేసుకుంటుంది.

బ్యాటరీ కూడా ఒకటుంది, 1.24 యూనిట్లది, బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటు దాచుకోడానికి. దానికి బయటి నుంచి ప్లగ్ పెట్టే వీలు లేదు. కొనే ముందు ఎవరూ ఈ చిన్న విషయాన్ని పట్టించుకోరు, తర్వాత ఇదే ప్రాణం తీస్తుంది. హైడ్రోజన్ దొరకని రోజున ఇంట్లో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పక్క ఊరి స్టేషన్ దాకానైనా పోదామంటే కుదరదు. హోండా 2024లో తెచ్చిన సీఆర్-వీ హైడ్రోజన్ మోడల్‌లో 17.7 యూనిట్ల బ్యాటరీ పెట్టి, ప్లగ్ ఇచ్చి, దాని మీదే 29 మైళ్ళు తిరిగేలా చేశారు. మా గోడు ఎవరో విన్నట్టున్నారు. అదీ లీజుకే తప్ప అమ్మకానికి పెట్టలేదు.

ఇక ఆ 5 నిమిషాలు. ఈ రివ్యూ రాస్తున్నదే దాని కోసం.

బరువు లెక్కన చూస్తే హైడ్రోజన్‌ని మించింది లేదు, కిలోకి 33 యూనిట్ల శక్తి, పెట్రోలుకు దాదాపు మూడు రెట్లు. చిక్కంతా చోటుతో. మామూలు ఒత్తిడిలో ఒక్క కిలో హైడ్రోజన్‌కి 11 వేల లీటర్ల పైన జాగా కావాలి. అందుకని 700 బార్ల ఒత్తిడికి, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లకు నొక్కి, కార్బన్ ఫైబర్ చుట్టిన ట్యాంకుల్లో కూరతారు. మన దగ్గర సీఎన్‌జీ ఆటోల్లో ఉండేది 200 బార్లు. అంత నొక్కినా మిరాయ్‌లోని మూడు ట్యాంకుల 140 లీటర్ల జాగాలో పట్టేది 5.6 కిలోలే, ఆ 5.6 కిలోలను పట్టి ఉంచే ట్యాంకుల బరువు 90 కిలోల పైమాటే. డిక్కీ ఎందుకు చిన్నదో, వెనక సీటు ముందు గట్టు ఎందుకుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అంత ఒత్తిడితో గబగబా నింపితే ట్యాంకు వేడెక్కుతుంది, 85 డిగ్రీలు దాటకూడదు. అందుకని స్టేషన్ వాళ్ళు గ్యాసుని ముందే మైనస్ 40 డిగ్రీల దగ్గరికి చల్లబరిచి పంపిస్తారు. మామూలు పెట్రోలు బంకులో భూమిలో ఒక ట్యాంకు, పైన ఒక పంపు, అంతే కదా. ఇక్కడ కంప్రెసర్, కూలర్, పెద్ద ఒత్తిడిలో గ్యాసు దాచే సిలిండర్లు, కారుతో ఇన్‌ఫ్రారెడ్‌లో మాట్లాడి ట్యాంకు వేడి ఎంతుందో కనుక్కునే నాజిల్, ఇవన్నీ ఒకేసారి మంచి మూడ్‌లో ఉంటే 5 నిమిషాల్లో పని అయిపోతుంది, నిజంగానే అయిపోతుంది, ఆ రోజు ఎంత సంతోషంగా ఉంటుందో. ఏ ఒక్కటి అలిగినా స్క్రీన్ మీద సారీ అని వస్తుంది.

పంపు మంచిగా ఉన్నా మీ ముందు ఎవరున్నారనేది ఇంకో లెక్క. ఒక కారు నింపాక పెద్ద ఒత్తిడి సిలిండర్లు దిగిపోతాయి, కంప్రెసర్ మళ్ళీ వాటిని పైకి తేవాలి. మన ఊళ్ళో ఎండాకాలం బోరు కాసేపు పోసి ఆగిపోతే నీళ్ళు ఊరేదాకా గట్టు మీద కూర్చుంటాం చూడండి, అచ్చం అదే. వరసలో మొదటివాడికి 5 నిమిషాలు, మూడోవాడికి పావుగంట, ఐదోవాడికి అదృష్టం బట్టి. తొందరపడి ఊరకముందే మొదలుపెడితే సగంలో ఆగిపోతుంది, ట్యాంకు 60 శాతమో 70 శాతమో చూపిస్తుంది, మళ్ళీ కార్డు గీకి మళ్ళీ మొదలు.

తర్వాత నాజిల్. మైనస్ 40లో గ్యాసు పోయిన ఇనుము కదా, గాలిలో తేమ దాని మీద గడ్డకట్టి నాజిల్ కారుకే అతుక్కుపోతుంది. మా దగ్గరి స్టేషన్‌లో వరసగా కార్లు నింపాక, తేమ ఎక్కువున్న పొద్దుటి పూట, ఇది మామూలే. కొత్తవాళ్ళు కంగారుపడి గుంజుతారు, అలా గుంజకండి, కొన్ని నిమిషాలు ఆగితే మంచు కరిగి అదే వదులుతుంది. ఆ కొన్ని నిమిషాలూ వెనక క్యూలో ఉన్నవాళ్ళ చూపులు భరించాలి, అదొక్కటే కష్టం. ఫ్రీమాంట్, సన్నీవేల్ వైపు ఆ క్యూలో తెలుగు వినపడని రోజు తక్కువ. "అన్నా, కాంప్‌బెల్‌లో పనిచేస్తుందా, ఏమైనా తెలుసా?" అని మొదలవుతుంది మాట. నాకు బే ఏరియాలో పరిచయమైన మంచి స్నేహితులు కొందరు ఆ క్యూలోనే పరిచయమయ్యారు, ఆ మేరకు హైడ్రోజన్‌కి రుణపడి ఉన్నాను.

కొన్నిచోట్ల 350 బార్ల పంపు కూడా ఉంటుంది, 700ది పాడైతే దాంతో నింపుకోమంటారు. నింపుకుంటే సగం ట్యాంకు కంటే కాస్త ఎక్కువ వస్తుంది. అది స్టేషన్ పనిచేస్తున్నట్టా లేనట్టా అనేది మీరు ఎంత దూరం వెళ్ళాలో దాన్ని బట్టి ఉంటుంది.

అందుకే ఈ కారున్నవాళ్ళు పొద్దున్నే వాట్సాప్ కంటే ముందు స్టేషన్ల యాప్ చూస్తారు. ఏది తెరిచుంది, ఏది మూసుంది, ఎక్కడ ఎన్ని కిలోలు మిగిలాయి అన్నీ అందులో ఉంటాయి. మంచి ఏర్పాటే. ఆలోచించండి, పెట్రోలు పోయించుకోడానికి బయల్దేరే ముందు బంకులో పెట్రోలు ఉందో లేదో ఎవరైనా చూస్తారా? యాప్‌లో 40 కిలోలు ఉందని చూసి బయల్దేరతాం, అదే 40 కిలోలు చూసి ఇంకో పదిమంది కూడా బయల్దేరి ఉంటారు, మనిషికి 4 కిలోలు వేసుకోండి. ట్యాంకు పావు వంతుకి రాకముందే టెన్షన్ మొదలవుతుంది. సగానికి దిగగానే, దారిలో తెరిచున్న స్టేషన్ కనపడితే చాలు, అవసరం లేకపోయినా దూరేస్తాం. అందరూ అలా దూరడం వల్లే క్యూలు ఇంకా పెరుగుతాయి, తెలుసు, అయినా దూరతాం.

ఊరు దాటి పోవడం వేరే కథ. లివర్‌మోర్ గుడికి వెళ్ళొచ్చేయవచ్చు, శాక్రమెంటో కూడా ఫర్వాలేదు. లాస్ ఏంజెలెస్ వెళ్ళాలంటే ఐ-5 మీద మధ్యలో కోలింగా దగ్గర హారిస్ రాంచ్‌లో ఉన్న ఒక్క స్టేషనే దిక్కు, అది ఆ రోజు పనిచేయకపోతే అటూ ఇటూ కాకుండా పోతాం. లాస్ వేగస్ ఊసే లేదు, నెవాడాలో జనం నింపుకునే హైడ్రోజన్ స్టేషనే లేదు. దూర ప్రయాణాలకని టయోటా వాళ్ళు కొత్త కారుతో పాటు మొదటి మూడేళ్ళలో 21 రోజులు అద్దె కారు ఉచితంగా ఇస్తారు. ఇది మంచి సదుపాయమే, మేమూ వాడుకున్నాం, కాకపోతే కారు కొన్నవాడికి ఊరెళ్ళడానికి ఇంకో కారు ఇస్తున్నారంటే కంపెనీకి కూడా విషయం తెలుసన్నమాట. ఇంట్లో రెండో కారు గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

ఇవన్నీ భరించవచ్చు, డబ్బులు కలిసొస్తే. 2021లో కలిసొచ్చాయి కూడా. 49,500 డాలర్ల కారు, ఫెడరల్ పన్నులో 8,000 తగ్గింపు, ఆదాయం పరిమితిలో ఉంటే కాలిఫోర్నియా నుంచి ఇంకో 4,500, పైగా 15,000 డాలర్ల హైడ్రోజన్ కార్డు ఉచితం, కారులో ఒక్కరే ఉన్నా కార్‌పూల్ లేన్‌లో పోనిచ్చే స్టిక్కరు. ఈ లెక్క చూసి ఆగేవాడెవడు? అప్పట్లో హైడ్రోజన్ కిలో 13 నుంచి 16 డాలర్ల మధ్య ఉండేది. 13 లెక్కన కార్డుతో 1,150 కిలోలు, కిలోకి 65 మైళ్ళు వేసుకుంటే 75 వేల మైళ్ళు. ఆరేళ్ళ గడువు కాబట్టి దాదాపు ఇంధనం ఖర్చే లేని కారు.

2023 వచ్చేసరికి అదే కిలో 36 డాలర్లు. అదే కార్డుతో ఇప్పుడు వచ్చేది 27 వేల మైళ్ళు. కారు మారలేదు, కార్డు మీద అంకె మారలేదు. కార్డు అయిపోయాక ఖాళీ ట్యాంకు నింపితే 200 డాలర్లు, మైలుకి 55 సెంట్లు. మా పెట్రోలు హైబ్రిడ్ గ్యాలన్‌కి 50 మైళ్ళిస్తుంది, గ్యాలన్ 5 డాలర్లు వేసుకున్నా మైలుకి 10 సెంట్లు. మన డబ్బుల్లో చెప్పాలంటే హైడ్రోజన్ కిలో 3,000 రూపాయలు, కిలోమీటరుకి 29 రూపాయలు. క్యాబ్ ఎక్కి తిరిగినా ఇంతకంటే తక్కువే అవుతుందేమో.

ఎందుకింత ధర అని నాక్కూడా ఒళ్ళు మండి కొంచెం చదివాను. ఎవరో ఒకరు దోచుకుంటున్నారని తేలితే తృప్తిగా ఉండేది, కానీ అసలు ఆ గ్యాసు స్వభావమే ఖర్చు పెట్టిస్తుంది. దాన్ని స్టేషన్ దాకా తేవడమే చూడండి. స్టీలు గొట్టాల ట్రెయిలర్‌లో గ్యాసుగా తెస్తే అంత పెద్ద లారీలో పట్టేది మూడు నాలుగు వందల కిలోలు, అంటే ఎనభై తొంభై కార్లకు సరిపోతుంది. పెట్రోలు ట్యాంకరు ఒక్కటి వస్తే ఏడు వందల కార్లు నిండుతాయి. పోనీ ద్రవంగా మార్చి తెద్దామంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి, ఆ చల్లబరచడానికే అందులో ఉన్న శక్తిలో మూడో వంతు దాకా ఖర్చవుతుంది. పైగా ఫ్యూయల్ సెల్‌కి మామూలు హైడ్రోజన్ పనికిరాదు, 99.97 శాతం శుద్ధంగా ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్ పదిలక్షల్లో 0.2 వంతు దాటినా లోపలి ప్లాటినం దెబ్బతింటుంది. అన్నిటికంటే చిన్న అణువు కాబట్టి ఏ సందు దొరికినా కారిపోతుంది, కొన్ని రకాల ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది, అందుకని ప్రతి పైపూ, ప్రతి వాల్వూ ప్రత్యేకం. ఆ ప్రత్యేకం పార్టు పాడైతే పక్క షాపులో దొరకదు, అది వచ్చేదాకా స్టేషన్ మూత.

సరఫరా చేసేవాళ్ళూ వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 2019 జూన్ 1న శాంటా క్లారాలో ఒక హైడ్రోజన్ ప్లాంటులో, ట్రెయిలర్ నింపే చోట పేలుడు జరిగితే బే ఏరియా స్టేషన్లు నెలల తరబడి ఖాళీగా ఉన్నాయి. ఒక్కచోట తప్పు జరిగితే మొత్తం ప్రాంతం ఆగిపోయింది. మేం కొనకముందు సంగతే ఇది, పాత మిరాయ్ వాళ్ళు ఇప్పటికీ కథలు కథలుగా చెప్తారు. 2023లో షెల్ కంపెనీ 48 కొత్త స్టేషన్లు కడతామన్న ప్లాన్ వదిలేసింది, 2024 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో కార్ల కోసం ఉన్న తన 7 స్టేషన్లూ శాశ్వతంగా మూసేస్తున్నట్టు చెప్పింది. అంత డబ్బున్న కంపెనీయే నావల్ల కాదంటే మిగతావాళ్ళ సంగతి ఏమనుకోవాలి. 2004లో ష్వార్జ్‌నెగర్ గవర్నరుగా ఉన్నప్పుడు 2010 కల్లా హైడ్రోజన్ హైవే వచ్చేస్తుందని, 150 నుంచి 200 స్టేషన్లు ఉంటాయని అన్నారు. 2018లో అప్పటి గవర్నరు జెర్రీ బ్రౌన్ 2025 కల్లా 200 అన్నారు. ఇప్పుడు రాష్ట్రం మొత్తం మీద కార్లకు ఉన్నవి యాభై చిల్లర, అందులో ఏ రోజైనా పనిచేసేవి ఎన్నో యాప్ చూస్తే కానీ తెలియదు. కార్లు లేవని స్టేషన్లు కట్టరు, స్టేషన్లు లేవని కార్లు కొనరు.

"అయినా పర్యావరణం కోసం కదా" అని ఎవరైనా అంటే నాకు ఇప్పుడు నవ్వొస్తుంది. ప్రపంచంలో తయారయ్యే హైడ్రోజన్ దాదాపు అంతా సహజ వాయువు నుంచీ, బొగ్గు నుంచీ వచ్చేదే. సహజ వాయువు నుంచి కిలో హైడ్రోజన్ తీస్తే 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. 65 మైళ్ళకి 10 కిలోలు, అంటే మైలుకి 150 గ్రాములు చిల్లర. ప్రియస్ లాంటి హైబ్రిడ్ పొగగొట్టం లోంచి వచ్చేది కూడా ఇంచుమించు అంతే! కాలిఫోర్నియాలో ప్రభుత్వ సాయం తీసుకున్న స్టేషన్లలో కనీసం 33 శాతం పునరుత్పాదక హైడ్రోజన్ ఉండాలని చట్టం ఉంది, ఆ మేరకు నయం. పోనీ సోలార్ కరెంటుతో నీళ్ళు విడగొట్టి తీద్దామా? కిలోకి 50 నుంచి 55 యూనిట్లు కావాలి. ఆ కిలోతో నా కారు 65 మైళ్ళు పోతుంది. అదే 55 యూనిట్లు పక్కింటివాళ్ళ బ్యాటరీ కారులో పెడితే 190 మైళ్ళు పోతుంది. ఇంజినీర్లు ఎంత తెలివైనవాళ్ళు వచ్చినా ఈ మూడు రెట్ల తేడాని కొంత తగ్గించగలరేమో కానీ మాయం చేయలేరు.

భద్రత గురించి అందరూ అడుగుతారు కాబట్టి రెండు మాటలు. కారులో కూర్చుంటే నాకు భయం లేదు. ట్యాంకుల్ని ఎన్ని రకాలుగా పరీక్షిస్తారో చదివాను, లీకైనా హైడ్రోజన్ తేలిక కాబట్టి బయట గాలిలో పైకి పోతుంది, పెట్రోలులాగా కింద మడుగు కట్టదు. మూసిన గరాజ్‌లో మాత్రం జాగ్రత్త, గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకునే గ్యాసు ఇది, మంట పగటి వెలుగులో కంటికి కనపడదు. మన వంటగ్యాసుకి వాసన కలుపుతారు కదా, దీనికి ఆ వాసన కలిపితే అందులోని గంధకం ఫ్యూయల్ సెల్‌ని పాడుచేస్తుంది, అందుకే ముక్కుకి బదులు సెన్సర్ల మీద ఆధారపడాలి. ప్రమాదాలు జరిగిందీ ఎక్కువగా స్టేషన్ల వైపే. 2019 జూన్ 10న నార్వేలో ఓస్లో దగ్గర ఒక స్టేషన్ పేలింది, తీరా చూస్తే పెద్ద ఒత్తిడి ట్యాంకు ప్లగ్‌కి బోల్టులు సరిగ్గా బిగించలేదని తేలింది. ఆ తర్వాత టయోటా, హ్యుందాయ్ కొన్నాళ్ళు అక్కడ హైడ్రోజన్ కార్ల అమ్మకాలు ఆపేశాయి.

ఇండియా నుంచి మా బావమరిది అడిగాడు, "బావా, ఇక్కడికీ వస్తోందట కదా, ఆగమంటావా?" అని. 2022 మార్చిలో నితిన్ గడ్కరీ గారు ఇదే మిరాయ్‌లో పార్లమెంటుకి వెళ్ళిన ఫోటో వాడి ఫోన్‌లో ఇంకా ఉంది. విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు, రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్ తీస్తారని చెప్పారు. అది పెద్ద విషయమే, నాకూ గర్వంగా ఉంది. కానీ ఆ హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం అమ్మోనియా, మిథనాల్ లాంటివిగా మారి ఓడలెక్కడానికి, అనకాపల్లిలో నీ కారు నింపడానికి కాదురా అని చెప్పాను. ఎరువులకీ, రిఫైనరీలకీ హైడ్రోజన్ ఎలాగూ కావాలి, అక్కడ మురికి హైడ్రోజన్ బదులు శుభ్రమైనది వాడితే అంతకంటే ఏం కావాలి. బస్సులయితే ఒప్పుకుంటాను, పొద్దున డిపోలో నింపి పంపితే రాత్రికి అదే డిపోకి వస్తాయి, ఒక్క పంపుతో పని గడుస్తుంది. లేహ్‌లో ఎన్‌టీపీసీ 5 బస్సులు అలాగే పెట్టింది, హైదరాబాద్ ఒలెక్ట్రా కంపెనీ కూడా రిలయన్స్‌తో కలిసి 2023లో ఒక హైడ్రోజన్ బస్సు చూపించింది. సొంత కారుకి మాత్రం ఆగొద్దని చెప్పాను, వాడు మామూలు బ్యాటరీ కారు బుక్ చేసుకున్నాడు.

ఇక మన కారు విలువ. ఈ మధ్య అమ్ముదామని ఒక డీలరుని అడిగితే చెప్పిన ధర విని మా ఆవిడ "అంతకి అమ్మే బదులు వాకిట్లో బొమ్మలా పెట్టుకుందాం" అంది. మార్కెట్టే అలా ఉంది, 2024 మొదట్లో కొత్త మిరాయ్ మీదే 40 వేల డాలర్ల దాకా తగ్గింపులు ఇచ్చారు, కొత్తది అంతకి దొరుకుతుంటే పాతది ఎవరు కొంటారు. అదే ఏడాది కొందరు యజమానులు టయోటా మీద కోర్టుకి కూడా వెళ్ళారు. కార్‌పూల్ స్టిక్కర్లు 2025 సెప్టెంబర్ 30తో రద్దయ్యాయి, ఉన్న ఒక్క సుఖమూ పోయింది.

ఇంత చదివాక కూడా "పాత మిరాయ్ 10 వేల లోపు దొరుకుతోంది, అంత మంచి కారు అంత చవగ్గా ఇంకెక్కడ" అని మనసు లాగుతుంటే, మీకు అడ్డు చెప్పను, కారు నిజంగా మంచిదే. కానీ ఇవి చూసుకోండి. ఇంటికీ ఆఫీసుకీ మధ్య కనీసం రెండు స్టేషన్లు ఉండాలి, అవి ఇద్దరు వేర్వేరు కంపెనీలవైతే ఇంకా మంచిది, ఒకరికి సరఫరా ఆగినా ఇంకొకరి దగ్గర దొరకొచ్చు. కొనే ముందు ఒక నెల పాటు రోజూ యాప్‌లో ఆ రెండింటినీ గమనించండి, పొద్దునా సాయంత్రమూ. హైడ్రోజన్ కార్డు మీ పేరు మీదికి వస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి, రాదంటే కారు ధరకి మైలుకి 55 సెంట్లు కలిపి లెక్కేసుకోండి. ఫ్యూయల్ సెల్‌కి వారంటీ 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళు, ఎంత మిగిలిందో చూడండి, సర్వీసు అన్ని టయోటా షోరూమ్‌లలో చేయరు, మీకు దగ్గర్లో చేసేది ఎక్కడో కనుక్కోండి. ఆఖరిగా హైడ్రోజన్ నింపే మూత తెరిచి లోపలి లేబుల్ చదవండి. ఫలానా తేదీ తర్వాత నింపరాదు అని ఉంటుంది, ట్యాంకు తయారైన 15 ఏళ్ళకి గడువు. మొదటి తరం 2016 కారు చవగ్గా వస్తోందని ఎగిరి గంతేసేవాళ్ళు, ఆ తేదీకి ఇంకా ఎన్నేళ్ళుందో లెక్కపెట్టుకున్నాకే బేరం మొదలుపెట్టండి.